టేకు చేవ

తెలుగులో ‘చేవ’ అనే చిన్న మాటకు రెండు అర్థాలున్నవి. చెట్టు మాను నడుమ గట్టిపడి రంగు తేలిన భాగం చేవ. మనిషిలోని సత్తువ, నిలకడ కూడ చేవయే. ‘చేవ గల మనిషి’ అని మెచ్చుకొన్నా, ‘చేవ చచ్చినవాడు’ అని నిందించినా, మన పెద్దలు ఆ మాటను అడవి నుండి తెచ్చి మనిషికి అన్వయించినారు. చేవ గల చెట్లు మన నేలపై అనేకం ఉన్నవి. నల్లమద్ది ఉన్నది, వేగిస ఉన్నది, జిట్రేగి ఉన్నది, చండ్ర ఉన్నది. రాయలసీమ కొండలలో ఎర్రచందనం ఉన్నది. కాని ‘మంచి కర్ర’ అనగానే సామాన్యుని నోట మొదట వచ్చే పేరు టేకు. ఉర్దూ మాట్లాడే మన సోదరులు దీనినే సాగ్వాన్ అంటారు.

టేకు చెట్టు లక్షణాలను, ఉపయోగాలను ఈ వ్యాసంలో వివరింపదలచినాము. దానితోబాటు మేము ముఖ్యంగా చెప్పదలచినది ఒక్క విషయం. టేకు విలువ అంతా దాని చేవలో ఉన్నది. ఆ చేవ కాలం వల్ల తప్ప మరి దేనివల్లను రాదు. ఈ చిన్న సంగతిని మరచినందువల్ల అడవికి నష్టం కలిగినది, అడవిలో బ్రతికేవారికి కష్టం కలిగినది, పట్టణాలలో మధ్యతరగతి వారి పొదుపు సొమ్ము కూడ పోయినది. అందుచేత ఇది వృక్షశాస్త్ర విద్యార్థులకు మాత్రమే సంబంధించిన విషయం కాదని మా విశ్వాసం.

పేరు, పుట్టుక

టేకు మన దేశపు సొంత చెట్టు. భారతదేశం, బర్మా (నేటి మయన్మార్), థాయిలాండ్, లావోస్ ఈ వృక్షానికి పుట్టినిళ్లు. సంస్కృతంలో దీనిని శాకవృక్షమని అన్నారు. మలయాళంలోని ‘తేక్కు’ అనే మాట పోర్చుగీసు వర్తకుల నోట ‘తేకా’ అయి, అక్కడి నుండి ఇంగ్లీషులోనికి వెళ్లి ‘టీక్’ అయినది. అనగా, ప్రపంచమంతా ఈ చెట్టును ఒక ద్రావిడ భాషా పదంతోనే పిలుచుచున్నది. అరబ్బులు మాత్రం దీనిని ‘సాజ్’ అన్నారు.

దీని శాస్త్రీయ నామం టెక్టోనా గ్రాండిస్. సుప్రసిద్ధ స్వీడిష్ శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ కుమారుడు, 18వ శతాబ్దం చివరి భాగంలో ఈ పేరు పెట్టినాడు. గ్రీకు భాషలో ‘టెక్టాన్’ అనగా వడ్రంగి. వడ్రంగి చేతికి ఇంతకంటె అనువైన కర్ర లేదు గనుక ఈ పేరు చక్కగా అమరినది. పాత పాఠ్యగ్రంథాలలో టేకును వర్బినేసీ కుటుంబంలో చేర్చినారు. తరువాతి పరిశోధనల ఫలితంగా నేడు దానిని లేమియేసీ కుటుంబంలో చేర్చినారు. మన పెరటి తులసి, మన వంటింటి పుదీనా ఉన్న కుటుంబమే అది. పుదీనా కట్టకు, ఇంటిదూలానికి చుట్టరికం కలదని తెలిసినప్పుడు ఆశ్చర్యం కలుగక మానదు.

చెట్టు స్వరూపం

మంచి నేలలో టేకు 30 నుండి 40 మీటర్ల ఎత్తు వరకు నిటారుగా పెరుగుతుంది. లేత కొమ్మలు గుండ్రంగా ఉండక నలుపలకలుగా ఉంటవి. ఆకులు చాల పెద్దవి. ఒక్కొక్క ఆకు ఒక అడుగు నుండి రెండడుగుల పొడవు ఉంటుంది. పైభాగం గరుకుగా, అడుగుభాగం నూగుతో ఉంటుంది. లేత ఆకును అరచేతిలో నలిపినచో చేయి ఎర్రబడుతుంది. అడవిలో టేకును గుర్తించుటకు ఇంతకంటె సులభమైన ఉపాయం లేదు. వానకాలంలో తెల్లని చిన్న పూలు పెద్ద పెద్ద గుత్తులుగా కొమ్మల చివర విరియబూస్తవి. దూరం నుండి చూచినచో చెట్టు నెత్తిన నురుగు పొంగినట్లు కనిపిస్తుంది.

టేకు ఆకు రాల్చే చెట్టు. శీతకాలం గడచి ఎండలు ముదిరే నాటికి కొమ్మలన్నియు మోడువారి ఉంటవి. చూచువారికి చచ్చిన చెట్టువలె తోచును గాని, ఇది దాని సంసార నిర్వహణలో భాగం. నీరు దొరకని నెలలలో అంతటి పెద్ద ఆకులను మోసినచో చెట్టులోని నీరంతా ఆవిరియై పోవును. కాబట్టి ఖర్చు తగ్గించుకొని వానల కొరకు ఎదురు చూస్తుంది. ఏటా కొన్ని నెలల పొడి కాలం ఉన్నచోటనే మేలైన టేకు పండుతుంది. నీరు నిలిచే నేల దీనికి సరిపడదు. నీడ అసలే పనికిరాదు.

ఈ ఆగి సాగే పెరుగుదల వల్లనే టేకు మానులో ఏడాదికొక వలయం స్పష్టంగా ఏర్పడుతుంది. తొలి వానల కాలంలో పెద్ద రంధ్రాలు గల కణజాలం, తరువాత దట్టమైన కణజాలం ఏర్పడుటయే ఇందుకు కారణం. వాన బాగుగా కురిసిన ఏట వలయం వెడల్పుగా, కరవు ఏట సన్నగా ఉంటుంది. పూణేలోని భారతీయ ఉష్ణమండల వాతావరణ విజ్ఞాన సంస్థకు చెందిన శాస్త్రజ్ఞులు పాత టేకు మానుల వలయాలను కొలిచి, వాతావరణ లెక్కలు వ్రాసిపెట్టని కాలపు వానల తీరును కూడ అంచనా కట్టినారు. మనిషి దస్తావేజు లేని చోట చెట్టే దస్తావేజు అయినదన్నమాట.

టేకు కాయ గట్టి పెంకు గలది. లోపల ఒకటి నుండి నాలుగు గింజలుండవచ్చును. నాటిన కాయలలో చాలవరకు వెంటనే మొలవవు. అందుచేత నర్సరీలలో కాయలను కొన్ని దినాలు నానబెట్టుట, ఎండబెట్టుట మార్చి మార్చి చేసి, పిమ్మట విత్తుతారు. ఏడాది వయసు గల మొక్కను పెకలించి, పైకాండం, వేరు కొంత కొంత విడిచి మిగిలినది కత్తిరించి నాటే పద్ధతి కూడ కలదు. వీటినే ‘టేకు స్టంపులు’ అంటారు. 2015లో ప్రారంభమైన హరితహారం కార్యక్రమంలో తెలంగాణ రైతులకు పొలం గట్లపై నాటుకొనుటకు పంచినవి ఇట్టి స్టంపులే.

చేవ ఎట్లు ఏర్పడుతుంది?

ఇక్కడ ఒక అపోహను తొలగింపవలసి ఉన్నది. వృక్షశాస్త్రంలో ‘గట్టి కలప’ అనగా చేతికి గట్టిగా తగిలే కలప అని కాదు. దేవదారు, పైన్ వంటి సూదియాకుల చెట్ల కలపను మెత్తని కలప అనియు, వెడల్పు ఆకుల చెట్ల కలపను గట్టి కలప అనియు వర్గీకరించినారు. గోటితో నొక్కినచో గుంటపడే బాల్సా కర్ర కూడ ఈ లెక్కన గట్టి కలపయే. టేకు గట్టి కలప వర్గానికి చెందినదే గాని, గట్టిదనంలో మధ్యస్థమైనది.

లేత టేకు మానును అడ్డంగా కోసినచో లోపల ఎక్కువ భాగం తెల్లగా, పాలిపోయినట్లు ఉంటుంది. నీటిని, పోషకాలను మోసే సజీవ భాగం ఇది. ఏండ్లు గడచిన కొలది నడిమి కణాలు ఒకటొకటిగా తమ పని ముగిస్తవి. వాటిలోని పిండిపదార్థం మారి నూనెలుగా, రంగులుగా, చేదు రసాయనాలుగా నిలిచిపోతుంది. నీటి నాళాలు మూసుకొనిపోతవి. ఇట్లు ఏర్పడినదే చేవ. టేకు చేవలో ఉండే టెక్టోక్వినోన్ అనే పదార్థం చెదపురుగుకు గిట్టదు. తాకినచో జిడ్డుగా తోచుటకు సహజమైన నూనెలే కారణం. దానిలో సిలికా అనే ఇసుక పదార్థం కూడ ఉండుటచేత రంపపు పండ్లు త్వరగా మొద్దుబారుతవి.

కొత్తగా కోసిన చేవ బంగారు వన్నెతో ఉండి, గాలి తగిలిన కొలది ముదురు గోధుమ రంగుకు మారుతుంది. తోలు వాసనను పోలిన ఒక వాసన దానికి ఉంటుంది. కాని అదే మానులోని తెల్లచెక్కకు ఈ గుణాలేవియు లేవు. తెల్లచెక్కను చెద తింటుంది, బూజు పడుతుంది. ‘టేకుకు చెద పట్టదు’ అనే మాట టేకు చేవకు మాత్రమే వర్తిస్తుంది. ఈ భేదం తెలియక మోసపోయినవారు మన చుట్టుపట్ల తక్కువ మంది కారు.

నూరు మార్కుల కర్ర

డెహ్రాడూన్‌లోని అటవీ పరిశోధనా సంస్థ 1906లో ఏర్పడినది. మన దేశపు కలపల గుణాలను పోల్చుటకు ఆ సంస్థ ఒక పద్ధతిని అనుసరించినది. ప్రతి గుణంలోను టేకుకు నూరు మార్కులు వేసి, మిగిలిన కలపలను దానితో సరిపోల్చినారు. బరువు, బలం, గట్టిదనం, ఆకారం చెడకుండ నిలిచే గుణం, పనికి లొంగే గుణం మొదలగు వాటికి వేరువేరుగా మార్కులుంటవి.

ఈ పట్టికను పరిశీలించినచో ఒక ఆసక్తికరమైన సంగతి తెలియుచున్నది. టేకు ప్రతి విషయంలోను ప్రథమ స్థానంలో లేదు. నల్లమద్ది దానికంటె బరువైనది, గట్టిది. సాల్ కర్ర దానికంటె బలమైనది. ఎర్రచందనం చేవ నీటిలో వేసినచో మునిగిపోవునంత సాంద్రత గలది. టేకు సాంద్రత ఘనమీటరుకు సుమారు 650 కిలోగ్రాములు మాత్రమే. మరి టేకును కొలబద్దగా ఎందుకు ఎన్నుకొన్నారు?

అన్ని గుణాలు ఒకచోట సమపాళ్లలో కూడియుండుటయే అందుకు కారణమని మేము భావిస్తున్నాము. నల్లమద్ది బలమైనదే గాని, ఆరేటప్పుడు పగుళ్లు వారుతుంది. చిత్రికకు సులభంగా లొంగదు. టేకు పచ్చిదశ నుండి ఆరేవరకు కుదించుకొనిపోయేది స్వల్పం. అందుచేత వానకాలంలో తలుపు బిగిసిపోదు, వేసవిలో సందులు పడవు. బరువుకు తగిన బలం ఉన్నది. ఉలికి, బాడిసకు లొంగుతుంది. నూనె ఉండుటచేత మేకు త్రుప్పు పట్టదు, మేకు చుట్టు కర్ర కుళ్లదు. ఒక్క విషయంలో అగ్రస్థానం, మరొక విషయంలో లోపం గల విద్యార్థి కంటె, అన్ని పాఠ్యాంశాలలో నిలకడగా రాణించే విద్యార్థిపై ఉపాధ్యాయులు ఎక్కువ భరోసా ఉంచుతారు గదా!

చరిత్రలో టేకు

ఈ గుణాలను లోకం చాల కాలం క్రిందటనే గుర్తించినది. అరేబియా ఎడారి నేలలో పెద్ద దూలాలకు తగిన కర్ర లేదు. భారతదేశపు పడమటి తీరం నుండి సాజ్ దుంగలు ఓడలపై అక్కడికి వెళ్లేవి. మూడవ ఖలీఫా హజ్రత్ ఉస్మాన్ మదీనాలోని ప్రవక్త మసీదును పునర్నిర్మించినప్పుడు దాని పైకప్పుకు సాజ్ కర్రను వాడినట్లు హదీసు గ్రంథాలు తెలుపుచున్నవి. అది క్రీస్తుశకం 7వ శతాబ్దపు మాట. అరబ్బు నావికుల ఓడలకు కూడ ఈ కర్రయే ఆధారం.

బొంబాయిలో వాడియా కుటుంబానికి చెందిన పార్సీ నిపుణులు టేకుతో నిర్మించిన యుద్ధనౌకలు బ్రిటిష్ నౌకాదళంలో పేరుపొందినవి. 1817లో అక్కడ నీటిలోనికి దింపిన ‘ట్రింకోమలీ’ అనే నౌక నేటికిని ఇంగ్లండులోని హార్టిల్‌పూల్ రేవులో నీటిపై తేలుచున్నది. రెండు శతాబ్దాలు దాటినను నిలిచిన ఆ నౌకయే టేకు చేవకు యోగ్యతాపత్రం.

శ్రీరంగపట్టణంలో టిప్పు సుల్తాన్ 1784లో నిర్మించిన దరియా దౌలత్ మహలు అధిక భాగం టేకు కట్టడమే. మన నగరంలోని పురానీ హవేలీలో ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ దుస్తుల కొరకు చేయించిన రెండంతస్తుల బీరువా బర్మా టేకు పనితనానికి ప్రసిద్ధి చెందినది. అయితే టేకు రాజులకే పరిమితమైన కర్ర కాదు. మన ప్రాంతపు పెంకుటిండ్లలో దూలాలు, వాసాలు, స్తంభాలు, దర్వాజాలు, తలుపులు టేకుతో చేయించుకొనుట కలిగినవారికి గౌరవం, లేనివారికి కోరిక. ‘ఇల్లు కట్టి చూడు’ అన్న సామెతలోని బరువులో సగం దర్వాజా కర్రదే అనినను తప్పు లేదు. నేడు బల్లలు, కుర్చీలు, మంచాలు, పలుచని పొరలుగా తీసి అతికే ప్లైవుడ్ పలకలు, శిల్పపు చెక్కడాలు మొదలగు వాటికి టేకు వాడుచున్నారు. అడవి పల్లెలలో దాని పెద్ద ఆకులతో పాకలు కప్పుతారు, సరుకులు పొట్లం కడతారు.

చిలకలగూడకు, టేకుకు గల సంబంధం

చిలకల పేరు మోసిన మన పేటలో నేడు టేకు అడవి లేదు. అయినను టేకుతో మన పేటకు బంధుత్వం ఉన్నది. ఆ బంధుత్వం రైలు ద్వారా వచ్చినది.

వాడి నుండి సికింద్రాబాదుకు నిజాం రైలుమార్గం 1874లో తెరువబడినది. స్టేషనుకు ఆనుకొని ఉన్న చిలకలగూడ క్రమంగా రైలు ఉద్యోగుల క్వార్టర్లతో నిండినది. పొరుగున లాలాగూడలో 1893లో రైలు పెట్టెల కర్మాగారం నెలకొన్నది. ఆ కాలపు పెట్టెలకు ఇనుప చట్రం ఉన్నను, పైకట్టడమంతా కర్రతోనే. దేశమంతటా పెట్టెల కట్టడానికి టేకు ప్రధానమైన కలప. ఎండలో పగులక, వానలో ఉబ్బక, రాత్రింబవళ్లు కుదుపులకు కీళ్లు వదలక నిలిచే కర్ర మరొకటి లేదని రైలు ఇంజనీర్లు గ్రహించినారు. ఇనుప పట్టాల క్రింద పరచే స్లీపర్లకు కూడ సాల్, దేవదారు, టేకు వంటి కర్రలే వాడినారు. ఒక కిలోమీటరు మార్గానికి వెయ్యికి పైగా స్లీపర్లు కావలెను. ఎన్ని మానులు నేలకొరిగినచో ఒక మార్గం పూర్తి అగునో విద్యార్థులు లెక్కించి చూడవలెను.

1920ల చివరికి కాజీపేట నుండి బల్లార్షా వరకు మార్గం పూర్తియైనది. ఈ మార్గం మంచిర్యాల, బెల్లంపల్లి, ఆసిఫాబాదు రోడ్డు, సిర్పూరుల మీదుగా ఉమ్మడి ఆదిలాబాదు జిల్లా అడవి ప్రాంతాల గుండా సాగుతుంది. దానితో గోదావరి ఆవలి టేకు దుంగకు పట్టణపు దారి దగ్గరైనది. నేటికిని మన కలప అడితీలలో ‘బల్లార్షా టేకు’ అనే పేరు గౌరవంగా వినవస్తుంది.

1955లో మద్రాసులోని పెరంబూరులో ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ ప్రారంభమైన తరువాత ఉక్కు పెట్టెలు వచ్చినవి. కాలక్రమంలో కర్ర స్లీపర్ల స్థానాన్ని కాంక్రీటు స్లీపర్లు ఆక్రమించినవి. 1966లో దక్షిణ మధ్య రైల్వే సికింద్రాబాదు కేంద్రంగా ఏర్పడినది. ఆ విధంగా రైలు టేకును విడిచినది. కాని దానిని విడిచే లోపల అడవి చాల దూరం వెనుకకు జరిగినది.

అడవి, అడవి బిడ్డలు

ఉమ్మడి ఆదిలాబాదు, వరంగల్లు, ఖమ్మం జిల్లాల అడవులు తెలంగాణలో టేకుకు నెలవులు. జన్నారం ప్రాంతంలోని కవ్వాల అడవిని 2012లో పులుల సంరక్షణ కేంద్రంగా ప్రకటించినారు. వేసవిలో ఆకు రాల్చి, వానకాలంలో పచ్చబడే ఆ అడవిలో టేకు ప్రధాన వృక్షం.

టేకు విలువ పెరిగిన కొలది ప్రభుత్వాలు అడవి చుట్టు హద్దురాళ్లు పాతినవి. దుంగకు రక్షణ లభించినది గాని, ఆ అడవిలో తరతరాలుగా పోడు చేసుకొని బ్రతికిన గోండులు, కొలాములు తమ నేలపై తామే పరాయివారైనారు. పశువులను మేపుకొన్నను, కట్టె తెచ్చుకొన్నను నేరమైన రోజులవి. ఈ బాధల నుండియే కుమ్రం భీం ఉద్యమం పుట్టినది. 1940లో జోడేఘాట్ వద్ద ఆయన నిజాం పోలీసుల తుపాకులకు బలియైనాడు. ‘జల్, జంగల్, జమీన్’ అన్న మూడు మాటలు ఆయన పేరుతో ముడిపడి నేటికిని మనకు వినిపించుచున్నవి. అడవిపై ఆధారపడినవారి హక్కులను గుర్తించుచు పార్లమెంటు చట్టం చేసినది 2006లో. మధ్య కాలం 66 సంవత్సరాలు. దాదాపు ఒక టేకు చెట్టు పక్వానికి వచ్చునంత కాలం!

మరొక పొరపాటు కూడ జరిగినది. విలువైనది గదా అని, మిశ్రమంగా ఉన్న అడవిని కొట్టివేసి టేకు ఒక్కటే నాటిన చోట్లు కలవు. కాని అడవిబిడ్డకు టేకు కడుపు నింపదు. ఇప్పపూవు, తునికాకు, సారపప్పు, ఉసిరిక, వెదురు అతని ఇంటిని నడుపుతవి. టేకు ఆకును పశువు అంతగా మేయదు. అనేక వృక్షాల నడుమ ఒకటిగా ఉన్నప్పుడు టేకు అడవికి అలంకారం. అదే అడవి అంతటిని ఆక్రమించినప్పుడు అది అడవి కాదు, కలప పొలం మాత్రమే.

తొందర తోటలు

మన దేశంలో టేకును తోటగా పెంచుట 1840లలో మొదలైనది. మలబారు కలెక్టరు కనోలీ నిలంబూరులో చాతు మేనోన్ సహాయంతో వేయించిన తోటలో కొన్ని చెట్లు నేటికిని నిలిచి ఉన్నవి. ఆ తోట వేసినవారు దాని కలపను తాము అమ్ముకొనగలమని అనుకొనలేదు. రాబోవు తరం కొరకు నాటినారు. మేలైన టేకుకు 50 నుండి 80 సంవత్సరాలు పట్టునని అడవి శాఖల అనుభవం.

కాని 1990లలో మరొక రకపు తోటలు వెలసినవి. కొద్ది వేలు కట్టినచో 15, 20 ఏండ్లలో లక్షలు చేతికి వచ్చునని పత్రికలలో పెద్ద ప్రకటనలు వచ్చినవి. ఎందరో ఉద్యోగులు, పింఛనుదారులు ఆడపిల్లల పెండ్లికని, చదువులకని దాచిన సొమ్మును తాము ఎన్నడును చూడని తోటలలో పెట్టినారు. దశాబ్దం ముగియక మునుపే అనేక కంపెనీలు మూతపడినవి. ఇట్టి సామూహిక పెట్టుబడి పథకాలపై సెబీ నియమావళి వచ్చినది 1999లో. అప్పటికే నష్టం జరిగిపోయినది.

ఈ మోసంలో లెక్కల మాయ ఉన్నమాట నిజమే. కాని దానికి మూలమైనది వృక్షశాస్త్రపు అజ్ఞానం. పదిహేనేండ్ల టేకు చూచుటకు ఎత్తుగా, నిటారుగా ఉన్నను, దానిలో చేవ సన్నగా, తెల్లచెక్క మందంగా ఉంటుంది. అరవై ఏండ్ల మాను ధరను ఆ లేత మానుకు కట్టి ఆశ చూపినారు. నీరు, ఎరువు పోసి మానును లావు చేయవచ్చును గాని, చేవను తొందరపెట్టుట సాధ్యం కాదు. ‘నిదానమే ప్రధానం’ అన్న మన సామెత టేకుకు అక్షరాల సరిపోతుంది.

గట్లపై టేకు నాటిన రైతు విషయం వేరు. అతని చెట్టు అతని కళ్ల ఎదుట ఉంటుంది. దాని నీడన అతని పంట పండుతుంది. అవసరం లేనంత కాలం అది పెరుగుతూనే ఉంటుంది. కాని కొట్టుటకు, తరలించుటకు అధికారుల అనుమతి కావలెనని అతడు ముందుగా తెలిసికొనుట మంచిది.

మన కర్తవ్యం

2014లో మయన్మార్ ప్రభుత్వం టేకు దుంగల ఎగుమతిని నిషేధించినది. నేడు మన విపణిలోని టేకులో ఎక్కువ భాగం ఆఫ్రికా, దక్షిణ అమెరికా, మధ్య అమెరికా దేశాల తోటల నుండి ఓడలలో వచ్చుచున్నది. వాటిలో లేత వయసులో కొట్టిన దుంగలు అనేకం. టేకుకు పుట్టినిల్లు అయిన దేశం పరదేశపు లేత టేకును కొనుక్కొనవలసి వచ్చుట విచారకరం.

ఇట్టి సమయంలో ముదురు చేవ గల టేకు మన పాదాల దగ్గరనే ఉన్నదన్న సంగతిని ఎవరును గమనించుట లేదు. చిలకలగూడ, వారాసిగూడ, సీతాఫల్‌మండి, మెట్టుగూడ వంటి పాతపేటలలో పెంకుటిండ్లు కూలి అపార్టుమెంట్లు లేచుచున్నవి. ఆ ఇండ్ల దర్వాజాలు, దూలాలు, కిటికీలు తూకానికో, కట్టెల పొయ్యికో పోవుచున్నవి. వాటిలో టేకు చేవయే ఉన్నచో, దానిని మించిన కర్ర నేడు డబ్బు పెట్టినను దొరుకుట కష్టం. దశాబ్దాల తరబడి ఆరి ఉన్నందున అది ఇక వంకరపోదు. మేకులు జాగ్రత్తగా ఊడదీసి, పైపొరను చిత్రిక పట్టినచో, మసి, రంగు తొలగి లోపలి బంగారు వన్నె మరల బయటపడుతుంది. కర్ర ఎండు బరువులో సుమారు సగం కర్బనమే. ఆ కర్రను కాల్చినచో అది గాలిలో కలియును. తలుపుగా నిలిపినచో ఇంటిలోనే ఉండును.

కర్రను గుర్తించుటకు విద్యార్థులు కొన్ని మెలకువలు తెలిసికొనవలెను. కోసిన కొనను చూడవలెను. వలయాలు స్పష్టంగా ఉండవలెను. చిత్రిక పట్టిన పొట్టును నలిపి వాసన చూడవలెను. వ్రేలితో తాకినచో జిడ్డుగా తోచవలెను. అంచున తెల్లచెక్క ఎంత ఉన్నదో గమనింపవలెను. పలక అంతా ఒకే రంగులో మెరయుచున్నచో అది రంగు పూసిన వేరొక కర్ర కావచ్చునని అనుమానింపవలెను. టేకు పొట్టు కొందరి చర్మానికి దురద కలిగించును గనుక పని చేయునప్పుడు జాగ్రత్త వహింపవలెను.

కళాశాల కార్యవర్గం వారికి కూడ ఒక వినయపూర్వకమైన మనవి. ఏ విద్యాసంస్థలోనైనను మూలగదిలో కాలు విరిగిన బల్లలు, పాత బీరువాలు పోగుపడి ఉంటవి. వాటిని వేలం వేయునప్పుడు పాత సామానుగానే లెక్కిస్తారు. వేలానికి ముందు ఒక అనుభవజ్ఞుడైన వడ్రంగి చేత వాటిని పరీక్ష చేయించి, టేకు చేవ ఉన్నవాటిని మరమ్మతు చేయించినచో, ఖర్చు తగ్గుటయే గాక ఒక చెట్టును కాపాడిన పుణ్యం కూడ దక్కుతుంది. ఆ పని విద్యార్థుల ఎదుట జరిగినచో వారికి వృక్షశాస్త్రంలో ఒక ప్రయోగపాఠం కూడ అగును. కనబడని చోట్ల వాడకానికి వేప, తుమ్మ వంటి కర్రలు చాలును. అన్నింటికి టేకే కావలెనన్న పట్టుదల విడువవలెను.

టేకును నాటవలెనా? తప్పక నాటవలెను. కాని స్థలం ఉన్నచోట, నీరు నిలువని నేలలో, ఇతర వృక్షాల నడుమ, మనకొరకు గాక మన మనుమల కొరకు నాటవలెను. విద్య కూడ ఇట్టిదే గదా! పరీక్షకు ముందు నెల రోజులు చదివినది తెల్లచెక్క వంటిది. ఏండ్ల తరబడి నిదానంగా జీర్ణించుకొన్నది చేవ. మా పాఠకులలో ఒక్కరైనను ఈ వేసవిలో తమ వీధిలో కూలుచున్న పాత ఇంటి దర్వాజాను ఒక్కదానిని కట్టెల పాలు కాకుండ ఆపగలిగినచో, ఈ వ్యాసం వ్రాసిన మా శ్రమ ఫలించినట్లే.